ఒకే ఫీల్డ్, రెండు తూకాలు: ప్లూటో అవతల నుంచి తీసిన వెలుతురు లెక్క

గెలాక్సీలన్నీ వెదజల్లి ఆకాశమంతా పరుచుకున్న మసక వెలుతురు ఎంత? 2022లో వచ్చిన జవాబు 16.37. 2024లో వచ్చిన జవాబు 11.16. కెమెరా అదే, నౌక అదే, లెక్క కట్టినవాళ్లలో చాలామంది వాళ్లే. మొదటిసారి చూసిన ఆకాశపు ముక్క (ఫీల్డ్ అంటారు), రెండోసారి చూసిన 16 ముక్కల్లో ఒకటి కూడా. మరి మధ్యలో ఆ అయిదు ఎక్కడికి పోయింది? ఈ కేసు అంతా దాని గురించే.

ముందే చెప్పుకోవాలి, ఆ నౌక, అంటే ప్లూటోని దాటిపోయిన నాసా న్యూ హొరైజన్స్, దాని బృందం మనిషిని కాను నేను. సీసీడీ (కెమెరా చిప్) బొమ్మల్లోంచి చెత్త ఏరేసి, మిగిలినదాన్ని లెక్క కట్టడం నా రోజువారీ పని. ఈ నౌక పంపిన ముడి బొమ్మల్ని నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. నేనూ కొన్ని దించుకుని, బృందం ప్రచురించిన పద్ధతి వెంట అడుగడుగునా నడిచి చూశాను. ఎక్కడెక్కడ కాలు జారిందో కూడా కింద రాస్తున్నాను.

ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర నిలబడినవాళ్లకు ఈ కేసు తొందరగా ఎక్కుతుంది. బస్తాని కాంటా మీద పెట్టడం ఎంతసేపు? గొడవంతా ఆ తర్వాతే. గోనె సంచికి ఎంత, తేమకు ఎంత, తాలుకు ఎంత తీసేయాలన్నదాని మీద సాయంత్రం దాకా వాదన. ముల్లు చూపించిన అంకెను ఎవరూ కాదనరు. తరుగు దగ్గరే తగువు. ఇక్కడా అంతే.

తూకానికి పెట్టింది ఏమిటి

నక్షత్రాలు వెలగడం మొదలైన నాటి నుంచి ఇప్పటిదాకా గెలాక్సీలన్నీ వెదజల్లిన వెలుతురంతా కలిసి ఆకాశమంతా పలచగా పరుచుకుని ఉంటుంది. కంటికి కనిపించే రంగుల్లో దాని వాటాని కాస్మిక్ ఆప్టికల్ బ్యాక్‌గ్రౌండ్ అంటారు, ముద్దుగా సీఓబీ. 1965లో పెంజియాస్, విల్సన్ పట్టుకున్న మైక్రోవేవ్ నేపథ్యం వేరు. అది మహావిస్ఫోటనపు పాత వేడి, ఇది నక్షత్రాల కష్టార్జితం. మైక్రోవేవ్ నేపథ్యం దీనికి దాదాపు 90 రెట్లు ప్రకాశవంతం, పైగా ఆ తరంగాల దగ్గర అడ్డొచ్చేవి తక్కువ. అందుకే 1989 నవంబరులో ఎగిరిన కోబీ ఉపగ్రహం ఆ వేడిని 2.725 కెల్విన్ అని అంత కచ్చితంగా తేల్చగలిగింది. కనిపించే వెలుతురు దగ్గర అలాంటి అదృష్టం లేదు.

పైన ఇచ్చిన అంకెలన్నీ చదరపు మీటరుకు, ఒక స్టెరేడియన్ (ఆకాశపు విస్తీర్ణాన్ని కొలిచే ప్రమాణం) ఆకాశానికి ఇన్ని నానోవాట్లు అని చదువుకోవాలి. ఇకపై ఉత్త అంకెలే రాస్తాను. ఇది ఎంత తక్కువంటే, క్లాసురూముల్లో వాడే 5 మిల్లీవాట్ల లేజర్ పెన్ను వెలుతురుని 40 ఎకరాల చెలక మీద సమంగా పరిచామనుకోండి. చెలకలో ఏ మూల నిలబడినా మీద పడేది దాదాపు ఇంతే. ఇది వేళ్ల మీద వేసిన లెక్క, వాదనకు రావద్దు.

ఇంత కష్టపడి ఎందుకు కొలవాలి? గెలాక్సీల్ని ఒక్కొక్కటిగా లెక్కబెట్టి, వాటి వెలుతురంతా కూడితే వచ్చే మొత్తం మన దగ్గర ఉంది, సుమారు 8. ఆకాశాన్ని టోకున కొలిస్తే అంతకంటే ఎక్కువ వచ్చిందంటే, ఆ మిగులు ఎవరిదో చెప్పాలి. గెలాక్సీల మధ్య దారితప్పిన నక్షత్రాలదా, మనకు కనపడనంత చిన్న గెలాక్సీలదా, లేక మనకింకా తెలియని కణాలదా? బిల్లులో ఉన్న పద్దుల కంటే అడుగున మొత్తం ఎక్కువుంటే ఊరుకుంటామా మరి.

అంత దూరం పోవడం ఎందుకు

భూమి చుట్టూ తిరిగే టెలిస్కోపుతో ఈ పని కాదు. హబుల్ గాలిపొర మీదే ఉంటుంది కానీ దుమ్ములోనే ఉంటుంది. తోకచుక్కలూ గ్రహశకలాలూ రాల్చిన సన్నటి ధూళి లోపలి సౌరకుటుంబమంతా నిండి ఉంది. దాని మీద ఎండ పడి మెరిసేదే జోడియాకల్ వెలుతురు. హబుల్ చూసే ‘ఖాళీ’ ఆకాశంలో నూటికి 95 పాళ్లకు పైగా అదే. లారీ లోడు ఇసుకను తూచి, అందులో పడిపోయిన ఉంగరం బరువు చెప్పమన్నట్టు ఉంటుంది.

దుమ్ము దాటి బయటికి పోవాలని 1970లలోనే తెలుసు. 1972లో, 1973లో వెళ్లిన పయనీర్ 10, 11 ఆ పని చేశాయి. ఆ పాత డేటాని 2011లో తిరగతోడితే 0.44 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యపు నీలం దగ్గర 7.9 ± 4.0 వచ్చింది. ఆ అంకెను గుర్తుపెట్టుకోండి. ఆ ‘± 4.0’ అనే అనిశ్చితి వల్ల దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

న్యూ హొరైజన్స్ 2006 జనవరి 19న ఎగిరి, 2015 జులై 14న ప్లూటోని, 2019 జనవరి 1న అంతకంటే దూరపు చిన్న మంచు శకలం అరోకోత్‌ని దాటింది. 2023 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈ కేసుకి కావలసిన బొమ్మలు తీసేనాటికి సూర్యుడి నుంచి 57 ఏయూ (ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం) దూరంలో ఉంది. అంటే 850 కోట్ల కిలోమీటర్ల పైన. అక్కడి నుంచి రేడియో సంకేతం రావడానికే దాదాపు ఎనిమిది గంటలు. అక్కడ జోడియాకల్ వెలుతురు లెక్కలోకి రాదు. మొదటి తరుగు, అన్నిటికంటే పెద్ద తరుగు, దూరమే తీసేసింది.

కెమెరా పేరు లోరీ. అద్దం వెడల్పు 20.8 సెంటీమీటర్లు, పెరట్లో పెట్టుకుని చూసే టెలిస్కోపంత. ఫిల్టరు లేదు, షట్టరు లేదు. 0.4 నుంచి 0.9 మైక్రాన్ల దాకా ఏది వస్తే అది మింగుతుంది. ఒక్కసారికి చూసేది 0.29 డిగ్రీలు, పున్నమి చంద్రుడి వెడల్పులో సగానికి కాస్త ఎక్కువ. దీన్ని చేసింది ప్లూటో ఫొటోల కోసం, సీఓబీ కోసం కాదు. ఈ మాట మనసులో ఉంచుకోకపోతే తర్వాత వచ్చే చిక్కులు వింతగా అనిపిస్తాయి.

ఒక బొమ్మని దగ్గరగా చూస్తే

ఇలాంటి పనికి లోరీ చిప్‌ని 4 × 4 కట్టలుగా చదువుతారు. 1024 × 1024 పిక్సెళ్లు 256 × 256 అవుతాయి. ఫిట్స్ ఫైలు (ఖగోళ బొమ్మలు దాచే ఫార్మాట్) తెరిస్తే మాత్రం వెడల్పు 257 అని చూపిస్తుంది. నేను మొదటిసారి చూసి ఫైలు పాడైందనుకున్నాను. ఆ 257వ నిలువు వరుస వెలుతురు తగలకుండా కప్పి ఉంచిన పిక్సెళ్లది. షట్టరు లేని కెమెరాకి ‘చీకటి అంటే ఎంత’ అని చెప్పగలిగేది అదొక్కటే. కాంటాకి సున్నా గుర్తు అన్నమాట.

నక్షత్రం లేని చోట కర్సర్ పెట్టి నెమ్మదిగా జరిపితే అయిదు వందల పైచిలుకు అంకె కనిపిస్తుంది. దాని పక్కన ఒకటి తక్కువ, ఆ పక్కన రెండు ఎక్కువ. ఆ అయిదు వందలూ ఎలక్ట్రానిక్స్ పెట్టిన బయాస్, ఆకాశానిది కాదు. అది తీసేస్తే మిగిలేది సగటున ఒక డీఎన్ దరిదాపు. డీఎన్ అంటే చిప్ చెప్పగలిగే అతి చిన్న మెట్టు. నా ముతక లెక్కలో ఒక్కో పెద్ద పిక్సెల్ వాటాకి సీఓబీ ఫోటాన్ మూడు సెకన్లకు ఒకటి వస్తుంది. 65 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో దాని వాటా ఒక డీఎన్ కూడా నిండదు.

ఒక మెట్టులో సగాన్ని ఎలా కొలుస్తారని అడగొచ్చు. ఒక్క పిక్సెల్‌తో కొలవలేం. 65 వేల పిక్సెళ్లు ఉన్నాయి, ఫీల్డ్‌కి చాలా బొమ్మలున్నాయి. సగటు తీస్తే యాదృచ్ఛికపు రొద అణిగిపోతుంది. కానీ సున్నా తప్పితే అందరికీ ఒకేసారి తప్పుతుంది. అప్పుడు కోటి పిక్సెళ్ల సగటు తీసినా తప్పు అలాగే కూర్చుని ఉంటుంది.

నేను సరిగ్గా అక్కడే పడ్డాను. 257వ వరుస మీడియన్ (నడిమి విలువ) తీసుకుని దాన్ని బయాస్ అనుకున్నాను. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని. ముడి అంకెలన్నీ పూర్ణాంకాలు కాబట్టి వాటి మీడియన్ కూడా పూర్ణాంకమే, లేదంటే మహా అయితే సగం. ఒక బొమ్మకి ఆకాశం ఒక మెట్టు పైన, మరుసటి బొమ్మకి సరిగ్గా ఒక మెట్టు కింద. ఆకాశం అలా గంతులెయ్యదు కదా. రెండు రాత్రులు నక్షత్రాల్ని మాస్క్ చేసే (లెక్కలోకి రాకుండా కప్పేసే) కోడ్‌ని తిట్టుకున్నాక, తప్పు అంతకు ముందు లైన్లో ఉందని తెలిసింది. మామూలు నక్షత్రాల పనిలో అర డీఎన్‌ని ఎవరూ లెక్కచెయ్యరు. ఇక్కడ అర డీఎన్ అంటే మనం వెతుకుతున్న మొత్తం సరుకు. ఆ వరుసలోని అంకెల హిస్టోగ్రాం మొత్తానికి వక్రరేఖ అమర్చి, దశాంశాల్లో కేంద్రం పట్టాక గంతులు ఆగాయి.

రెండో చిక్కు, చుక్కలన్నీ మాస్క్ చేశాక నిలువు వరుసలు ఒకటి విడిచి ఒకటి మసగ్గా తేలడం. కిటికీ ఊచల్లా ఉంటాయి. ఇంగ్లిష్‌లోనూ జైలు ఊచలనే అంటారు. సరి, బేసి వరుసల్ని వేరుచేసి సరిచేసుకోవాలి. మూడోది మరీ మాయదారిది. కెమెరా ఆన్ చేసిన మొదటి కొద్ది నిమిషాల్లో నేపథ్యం కాస్త ఎక్కువగా ఉండి మెల్లగా దిగుతుంది. ఎండలో తిరిగొచ్చిన మనిషి ఒంటి వేడి దిగినట్టు. బృందం ఆ మొదటి నిమిషాల బొమ్మల్ని పక్కన పెట్టేసింది. తర్వాతి పరిశీలనల్లోనైతే కెమెరాని ముందే ఆన్ చేసి, కుదురుకున్నాకే ఎక్స్‌పోజర్ మొదలుపెట్టారు. పాత ఆర్కైవ్ బొమ్మలతో ఆ వెసులుబాటు లేదు. అప్పట్లో తీసినవాళ్లకు ఇలాంటి అవసరం ఒకటుంటుందని తెలియదు.

నౌకలోని ప్లుటోనియం బ్యాటరీ మీద కూడా అనుమానం వచ్చింది. దాని నుంచి వచ్చే కణాలు కెమెరా కటకాల్లో మెరుపు పుట్టిస్తాయేమోనని లెక్కవేసి, కాదని తేల్చారు. అలాంటి అనుమానాలు ఇంకా కొన్ని ఉన్నాయి, వాటన్నిటినీ ఏకరువు పెట్టను.

తరుగు

కాంటా సరిగా ఉందనుకున్నాక వచ్చేది తరుగు. ఫీల్డ్‌లో కనిపించే నక్షత్రాలు మాస్క్‌లో పోతాయి. కనపడనంత మసక నక్షత్రాల్ని మన గెలాక్సీ నమూనా పెట్టి లెక్కకట్టి తీసేస్తారు. ఫీల్డ్ బయట ఎక్కడో ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రం వెలుతురు కూడా కెమెరా గొట్టంలో చెదిరి లోపలికొస్తుంది. నక్షత్రాల జాబితా, కెమెరా చెదరగొట్టే తీరు తెలుసు కాబట్టి దాన్నీ తీసెయ్యొచ్చు. సూర్యుణ్ణి నౌక ఒంటి చాటునే ఉంచారు. వీటిలో ఏదీ చిన్న పని కాదు, కానీ ఏది ఎంతో చెప్పడానికి దారి ఉంది.

దారి సరిగా లేనిది ఒక్కదానికే, పాలపుంత ధూళికి. నక్షత్రాల మధ్య పలచటి ధూళి మబ్బులుంటాయి. నక్షత్రాల వెలుతురు వాటి మీద పడి చెదిరి, ఆకాశమంతా లేత పొగలా పరుచుకుంటుంది. గెలాక్సీ తలానికి దూరంగా, ఎంత శుభ్రమైన ఫీల్డ్ ఎంచుకున్నా కొంత ఉంటుంది. దాని మచ్చలు కనపడవు, అంచులు ఉండవు. సీఓబీ ఎలా ఉంటుందో ఇదీ అచ్చం అలాగే. తాలుగింజని చూస్తే తెలుస్తుంది, తేమ చూస్తే తెలుస్తుందా? మీటరు పెట్టాల్సిందే.

పెట్టిన మీటరు ఇది. అదే ధూళి వెచ్చబడి దూర పరారుణంలో వెలుగుతుంది. పరారుణ పటం చూసి, ఇంత వెలుగుంటే ఇంత చెదురు వెలుతురు అని ఒక గుణకంతో గుణిస్తారు. 2022 దాకా వాడింది 100 మైక్రాన్ల పటం, గుణకమేమో వేరేవాళ్లు వేరే ఆకాశాల్లో తేల్చింది.

అలా వచ్చిన చరిత్ర ఇది. 2017లో పాత ఆర్కైవ్‌లోని నాలుగు ఫీల్డ్‌లతో 4.7 ± 7.3 వచ్చింది. గట్టిగా చెప్పగలిగింది 19.3 దాటదని మాత్రమే. 2021లో టాడ్ లాయర్ బృందం 42-45 ఏయూల దగ్గరి ఏడు ఫీల్డ్‌లతో 15.9 నుంచి 18.7 మధ్య అని చెప్పింది. 2022లో అదే బృందం, ధూళి తక్కువని ఏరికోరి ఎంచుకున్న ఒకే ఫీల్డ్‌లో 16.37 ± 1.47 తెచ్చింది. గెలాక్సీల వాటా సుమారు 8. అంటే ఇంకో 8 ఎవరిదో తెలియదు, అదీ నాలుగు సిగ్మాల గట్టితనంతో, అంటే కాకతాళీయం అని కొట్టిపారేయలేనంతగా.

అప్పుడు సందడి మొదలైంది. కృష్ణపదార్థంలో ఉండొచ్చని ఊహించే కణాలైన ఆక్సియాన్‌లు విచ్ఛిన్నమై ఈ వెలుతురు ఇస్తున్నాయేమో అని పేపర్లు వచ్చాయి. నిజం చెప్పాలంటే నేనూ సంబరపడ్డాను. ఒక చిన్న సందేహం మాత్రం నలుగుతూనే ఉంది. మిగులు, గెలాక్సీల వాటాతో దాదాపు సరిసమానం. లెక్కలు చూసేవాళ్లు పద్దు సరిగ్గా రెట్టింపైతే మొదట అనుమానించేది తమ పుస్తకాన్నే.

ఇంకో దిక్కు నుంచి కూడా ఇబ్బంది వచ్చింది. దూరపు బ్లేజార్ల (మనవైపుకే జెట్ చిమ్మే గెలాక్సీ కేంద్రాల) నుంచి వచ్చే అధిక శక్తి గామా కిరణాలు దారిలో ఈ మసక వెలుతురు ఫోటాన్లను గుద్దుకుని ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలై మాయమవుతాయి. ఎన్ని మాయమయ్యాయో చూస్తే దారిలో ఎంత వెలుతురుందో తెలుస్తుంది. ఈ పద్ధతిలో దుమ్ము తరుగు లేనే లేదు. నమీబియాలోని హెస్, అంతరిక్షంలోని ఫెర్మీ అనే గామా టెలిస్కోపులు ఇచ్చిన లెక్కలు గెలాక్సీల మొత్తానికి దగ్గర్లోనే నిలబడ్డాయి, 16కి ఎక్కలేదు. (లద్దాఖ్‌లోని హాన్లేలో 2024లో ప్రారంభమైన 21 మీటర్ల మేస్ గామా టెలిస్కోపు కూడా ఈ జాతిదే. దాని నిర్మాణంలో హైదరాబాద్ ఈసీఐఎల్ చెయ్యి ఉంది.)

మీటరు మార్చారు

2023 సర్వేలో మార్క్ పోస్ట్‌మన్ బృందం చేసిన తెలివైన పని, 16 ఫీల్డ్‌లతో పాటు ఇంకో ఎనిమిది ఫీల్డ్‌లు కేవలం ధూళి కోసం తీయడం. సీఓబీ కొలవడానికి పనికిరానివి అవి, కావాలనే కాస్త దుమ్ముపట్టిన చోట్లు. వేరేవాళ్ల గుణకం అరువు తెచ్చుకోవడం మానేసి, తమ కెమెరాతోనే, తమ రంగుల పట్టీలోనే గుణకం తేల్చుకున్నారు.

పటం కూడా మార్చారు. 100 మైక్రాన్లది వదిలి, ప్లాంక్ ఉపగ్రహపు 350, 550 మైక్రాన్ల పటాలు పట్టుకున్నారు. ఇందులో భౌతికశాస్త్రం సూటిగానే ఉంది. ఆ ధూళి ఉష్ణోగ్రత 20 కెల్విన్ దరిదాపు. అంత చల్లటిది 100 మైక్రాన్ల దగ్గర ఎంత వెలుగుతుందన్నది ఉష్ణోగ్రత మీద విపరీతంగా ఆధారపడుతుంది. ధూళి కాస్త చల్లగా ఉంటే చాలు, 100 మైక్రాన్ల పటం ‘ఇక్కడ ధూళి తక్కువే’ అని తప్పు చెబుతుంది. చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా నక్షత్రాల వెలుతురుని చెదరగొట్టడంలో మాత్రం ఆ ధూళి ఏమీ తగ్గదు. 350, 550 మైక్రాన్ల దగ్గర ఉష్ణోగ్రత ప్రభావం చాలా తక్కువ, ధూళి ఎంతుందో అంత చూపిస్తుంది.

గ్రాఫ్ గీస్తే ఇలా ఉంటుంది. అడ్డంగా పరారుణ వెలుగు, నిలువుగా మిగతా తరుగులన్నీ పోగా లోరీ చూసిన ఆకాశం. చుక్కలు ఒక వాలు గీత మీద కూర్చుంటాయి. ఆ వాలే గుణకం. ధూళి సున్నా అయ్యే చోటికి గీతని పొడిగిస్తే అది నిలువు అక్షాన్ని తాకే చోటు సీఓబీ. గీత వాలు కాస్త పెరిగితే తాకే చోటు కిందికి జారుతుంది. 16 నుంచి 11కి జారింది అలాగే. 2022 ఫీల్డ్‌లో ధూళి వాటాని తక్కువగా తీశారు. కెమెరా తప్పు చెప్పలేదు, ముల్లు చూపిన అంకె సరైనదే, తేమ మీటరు తప్పు.

చివరికి తేలింది 11.16 ± 1.65. అందులో గెలాక్సీల వాటా 8.17 ± 1.18. మిగులు 2.99 ± 2.03, అంటే సున్నా అన్నా తప్పులేదు. ఆ ± 1.65 లోపల చూస్తే యాదృచ్ఛికపు రొద వాటా 0.73, పద్ధతి వల్ల వచ్చే అనిశ్చితి వాటా 1.47. అంటే ఇంకా వందల బొమ్మలు తీసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. పాత పయనీర్ అంకె 7.9 ± 4.0ని ఇప్పుడు మళ్లీ చూస్తే, యాభై ఏళ్ల కిందటి ఫొటోమీటర్ అంత తప్పేమీ చెప్పలేదని ఒప్పుకోవాలి.

నాకు మాత్రం ఒక అసంతృప్తి మిగిలింది. ప్లాంక్ పటంలో కనిపించే పరారుణ వెలుగంతా మన ధూళిది కాదు. దూరపు గెలాక్సీల పరారుణ నేపథ్యం కూడా అందులో కలిసి ఉంటుంది. దాన్ని తీసేశాకే ‘ధూళి సున్నా’ ఎక్కడుందో తెలుస్తుంది. ఒక నేపథ్యాన్ని కొలవడానికి ఇంకో నేపథ్యాన్ని తరుగు తీయాలి. అక్కడ చిన్న తేడా వస్తే గీత తాకే చోటు కదులుతుంది. అందుకే, లోరీకి మళ్లీ సమయం ఇస్తే శుభ్రమైన ఫీల్డ్‌లు ఇంకా పెంచడం కంటే దుమ్ముపట్టినవి పెంచమని నా ఓటు.

2025 మార్చిలో ఎగిరిన నాసా టెలిస్కోపు స్ఫియరెక్స్ మరో దారి పట్టింది. అది భూమి చుట్టూనే తిరుగుతుంది, జోడియాకల్ దుమ్ములోనే. అందుకని మొత్తం ఎంతో అడగదు. ఆకాశంలో చోటుకీ చోటుకీ మధ్య హెచ్చుతగ్గుల్ని 0.75 నుంచి 5 మైక్రాన్ల దాకా 102 రంగుల్లో చూస్తుంది. దుమ్ము నున్నగా ఉంటుంది, గెలాక్సీలు గుంపులుగా ఉంటాయి, ఆ తేడా మీదే దాని ఆశ.

న్యూ హొరైజన్స్ ఏడాదికి దాదాపు 3 ఏయూల చొప్పున ఇంకా దూరం పోతూనే ఉంది. ఆ దూరం వల్ల ఈ లెక్కకి ఇక లాభం లేదు. సూర్యుడి దుమ్ముని అది ఎప్పుడో దాటేసింది. ఇప్పుడు అడ్డున్నది పాలపుంత దుమ్ము, దాన్ని దాటాలంటే దారి కాంతి సంవత్సరాల్లో ఉంటుంది.